నూకరత్నం ఎక్కిన బుట్ట

నేను ఒక బుట్టను. మామూలు బుట్టను కాను. నలుగురు మనుషులు నిలబడి, అంచు మీద మోచేతులు ఆనించుకుని, తీరుబడిగా కబుర్లు చెప్పుకునేంత పెద్ద బుట్టను. నా నాలుగు మూలల నుంచీ ఉక్కు తీగలు పైకి పోతాయి. తీగల పైన మంట, మంట పైన పెళ్ళి పందిరికి మించిన రంగుల గుడ్డ. వేడిగాలి బెలూను కింద వేలాడే బుట్టను నేను. జనం తలెత్తి చూసి ‘అదిగో బెలూను’ అంటారే గాని, ‘అదిగో బుట్ట’ అన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ గుడ్డ వెయ్యి రంగులు పులుముకున్నా మనిషి కాలు పెట్టేది నాలోనే. గొప్ప కోసం చెప్పడం లేదు అనాలని ఉంది గాని, గొప్ప కోసమే చెబుతున్నాను.

నా ఒళ్ళంతా పేము. పేము తనంతట తాను నిలబడలేదు. అడవిలో పక్క చెట్టును ముళ్ళతో పట్టుకుని, దాని భుజాల మీదుగా పాకి, ఆ చెట్టు కంటే ముందు తనే ఎండ మొహం చూస్తుంది. పైకి పోవాలన్న యావ మా వంశంలోనే ఉంది. అస్సాం అడవుల్లో నన్ను నరికి, ఎండబెట్టి, కట్టలు కట్టి లారీ ఎక్కించినప్పుడు, ఇక నా పైకి పోవడం అయిపోయిందనుకున్నాను. శృంగవరపుకోట బస్టాండు వెనక సందులో ఒక రేకుల షెడ్డు ముందు దింపి, అటక మీద పడేసినప్పుడు ఆ అనుమానం గట్టిపడింది కూడా.

ఆ షెడ్డు నూకరత్నానిది. మేదరింటి ఆడపడుచు. పుట్టింట్లో వెదురుతో తట్టలూ చేటలూ అల్లింది, అత్తింటికి వచ్చాక పేముతో కుర్చీలూ ఉయ్యాలలూ అల్లింది. భర్త సింహాచలం పేము చీల్చి, నానబెట్టి, మంట చూపించి వంచి ఇస్తే ఆమె అల్లేది. సింహాచలానికి మాట తక్కువ. ఆ లోటు ఆమె తీర్చేది. కుర్చీ పూర్తయిందంటే కొనుక్కున్నవాణ్ణి అందులో కూర్చోబెట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎదురుగా నిలబడేది. ‘బాగుందమ్మా’ అనేదాకా కదిలేది కాదు. మొహమాటానికి తొందరపడి ముందే అనేసినవాడు, సరిగ్గా కూర్చున్నాక ఇంకోసారి అనాల్సి వచ్చేది.

తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఒకదాని మీద ఒకటి పేర్చుకుని తోపుడుబండి మీద ఊరంతా తిరిగాయి. నూకరత్నం చేతికి పని తగ్గింది. తెగిన కుర్చీలకు మరమ్మతులు, పెళ్ళి డెకరేషన్ వాళ్ళకు పూలసజ్జలు, అరకు లాడ్జీలవాళ్ళకు ఎప్పుడైనా ఒక ఉయ్యాల. పని తగ్గింది గాని ఆమె ధీమా తగ్గలేదు. తన కుర్చీలు వరండాల్లో లేకపోతే అరకు లోయకు కళ ఎక్కడిదని బజార్లో అందరితోనూ అనేది. అటక మీద నుంచి నేను వింటూ ఉండేవాణ్ణి. మనుషులు తమ గురించి తాము చెప్పుకునేది సగం తీసేసి వినాలని నాకప్పుడు తెలియదు. మొత్తం నమ్మాను.

ఒక శీతాకాలం మొదట్లో జీపు వెనక బండి తగిలించుకుని పూణచ్చ అనే ఆయన వచ్చాడు. కొడగు మనిషి, సైన్యంలో పనిచేసి వచ్చాడు. జుట్టు తెల్లబడినా నడక మాత్రం సైన్యాన్ని వదల్లేదు. అరకు లోయలో పర్యాటకులను బెలూనులో తిప్పే కంపెనీకి ఆయన పైలట్. ఘాట్ రోడ్డు మలుపులో లారీ బోల్తా పడిందనీ, డ్రైవరు చిన్న దెబ్బలతో బయటపడ్డాడు గాని విదేశం నుంచి తెప్పించిన బుట్ట చితికిపోయిందనీ, కొత్తది ఓడలో వచ్చేసరికి చలికాలం దాటిపోతుందనీ తనకొచ్చిన తెలుగులో చెప్పాడు. లాడ్జీ వరండాలో కూర్చున్న కుర్చీ చూసి, దాన్ని అల్లిన చెయ్యి ఎవరిదని అడుగుతూ ఇక్కడిదాకా వచ్చాడట.

ఆ చివరి మాటతోనే నూకరత్నం పడిపోయింది. బండిలో తెచ్చిన ఆ చితికిన బుట్ట చుట్టూ తిరిగి, చూపుడు వేలితో రెండు చోట్ల పొడిచి, దీన్ని అల్లినవాడికి తొందరెక్కువ అని తీర్పు చెప్పింది. అల్లిక వదులుగా ఉందంది. తను అల్లితే గోడ కట్టినట్టు ఉంటుందంది. సింహాచలం ఏదో అనబోయాడు. ఆమె ఆయన వైపు చూడలేదు.

అటక మీదున్న పేములో మంచి కట్టలు ముందు దింపారు. నన్ను దింపలేదు. అంటే ఆ తొలి బుట్ట నేను కాదు, మా అక్క. ఎంత అందంగా అల్లిందో చెప్పలేను. సందులేని అల్లిక, అంచు చుట్టూ జడలాంటి కట్టు, నాలుగు వైపులా మామిడి పిందెల నమూనా, పైన వార్నీషు. బస్సు దిగినవాళ్ళు పనులు మానుకుని చూసిపోయారు. పూణచ్చ కూడా చూసి చాలా అందంగా ఉందన్నాడు. అని, లారీ షెడ్డుకు తీసుకుపోయి, ఇసుక బస్తాలు నింపి, గొలుసు కప్పీతో మనిషెత్తుకు లేపి, నేల మీదికి వదిలాడు.

మా అక్క అరిచింది. పేము అరిస్తే ఎలా ఉంటుందో మీరు వినకపోవడమే మంచిది. ఒక పక్క గోడ మామిడి పిందెలతో సహా పైనుంచి కిందికి చీలిపోయింది.

చూడ్డానికి బజారంతా వచ్చి ఉంది. ఎవరూ నవ్వలేదు, అదింకా కష్టం. పూణచ్చ నూకరత్నాన్ని పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

“అమ్మా, ఇది కుర్చీ కాదు. బెలూను దిగేటప్పుడు నేలను గుద్దుతుంది. అప్పుడు బుట్ట వంగాలి. బుట్ట వంగకపోతే లోపలున్న మనిషి ఎముకలు వంగాల్సి వస్తుంది.”

ఆమె ఇంటికొచ్చి, చీలిన బుట్టను షెడ్డు మధ్యలో పెట్టించుకుని, దాని లోపల కూర్చుంది. అన్నం అక్కడికే తెప్పించుకుంది, తినలేదు. ఈ పని మనకు వద్దులే, పూలసజ్జలు చాలు అని సింహాచలం బతిమాలాడు. ఎదురింటి టీ కొట్టువాడు ఓదార్చడానికి వచ్చి, మేఘాల్లో తిరిగేవాళ్ళ సంగతి మనకెందుకమ్మా అన్నాడు. ఆ మాట ఆమెకు చీలిక కంటే గట్టిగా తగిలినట్టుంది. మర్నాడు పొద్దున్నే అరకు పోయే రైలెక్కింది.

అక్కడ ఏం జరిగిందో ఆమె తర్వాత ఎన్నోసార్లు చెప్పగా విన్నాను. చెప్పినప్పుడల్లా కొంత పెరిగింది గాని అసలు సంగతి ఇది. పూణచ్చ ఎదుట నిలబడి, తనకు కుర్చీలు తప్ప ఏమీ తెలియదని ఒప్పుకుంది. ఆమె నోట ఆ మాట రావడం ఆమెకే కొత్త. బుట్టకు ఏం కావాలో మొదటి నుంచి చెప్పమని అడిగింది. ఆయన సంతోషంగా చెప్పాడు. బరువు మోసేది అడుగు చెక్క కిందుగా పోయే ఉక్కు తీగలనీ, పేము పని ఆకారం నిలబెట్టడమూ, దెబ్బ తినడమూ, తిని మళ్ళీ లేవడమూ అనీ చూపించాడు. దిగేటప్పుడు మనుషులు మోకాళ్ళు వంచి, వీపు గోడకు ఆనించి, లోపలి తాడు పట్టుకుని కూర్చోవాలని చెబితే, చితికిన పాత బుట్టలోకి దిగి అలాగే కూర్చుని చూసింది. వీపు ఎక్కడ తగులుతుంది, మోకాలు ఎక్కడ తగులుతుంది అని చేత్తో తడిమింది. వదులుగా ఉందని తను వెక్కిరించిన అల్లిక ఎందుకు వదులుగా ఉందో అప్పుడు తెలిసిందట. దాన్ని అల్లిన ఆ ఊరూ పేరూ తెలియనివాడికి మనసులోనే దండం పెట్టుకున్నానని చెప్పేది.

తిరిగొచ్చి నన్ను అటక మీద నుంచి దింపించింది.

నానబెట్టిన తొట్లో నేను మెత్తబడ్డాను. సింహాచలం ఒక్కొక్క ఊచనూ వంచి చూసి, వంగి తిరిగి నిలబడినదాన్నే ఉంచాడు, మొండికేసినదాన్ని పక్కన పడేశాడు. ఈసారి నూకరత్నం నోరు మూసుకుని అల్లింది. నమూనాలు లేవు, వార్నీషు లేదు. వీపులు ఆనే చోట అల్లికకు ఊపిరాడేంత వదులిచ్చింది. మూలల దగ్గర బిగించింది. కొంత అల్లాక నా లోపలికి దిగి, గోడకు వీపు ఆనించి తోసి చూసేది. నేను వంగితే తల ఊపేది, వంగకపోతే విప్పేది. ఆమె వీపే నాకు కొలబద్ద. ఉక్కు తీగలు పూణచ్చే వచ్చి వేయించాడు. అంచుకు తోలు కుట్టించాడు.

లారీ షెడ్డు ముందు నన్నూ లేపి వదిలారు. నేల వచ్చి నన్ను గుద్దింది. నేను చతికిలబడ్డాను, మూలిగాను, ఒక పక్కకు ఒరిగాను. ఆ తర్వాత లేచి కూర్చున్నాను. మళ్ళీ లేపి మళ్ళీ వదిలారు. మళ్ళీ లేచాను. ఎన్నిసార్లయితే ఏం, జనానికి విసుగొచ్చి వెళ్ళిపోయేదాకా లేస్తూనే ఉన్నాను. తనిఖీ చేసే అధికారి ఒకాయన కూడా వచ్చి, ఉక్కునూ చెక్కనూ పేమునూ పట్టి పట్టి చూసి సరేనన్నాడు. ఆయన సంతకం పెడుతుంటే నూకరత్నం ఎదురుగా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆయనా ‘బాగుందమ్మా’ అనే వెళ్ళాడు.

అప్పుడు ఆమె ఆ మాట అనేసింది, బజారు మధ్యలో, టీ కొట్టువాడికి వినపడేలా.

“నానల్లిన కుర్చీలో నాను కూకోకుండా ఎవులికీ ఇవ్వనేదు. ఈ బుట్ట కూడా అంతే. ముందు నానెక్కుతాను.”

అన్నంతసేపు పట్టలేదు, ఊరంతా పాకింది. పూణచ్చ ముందు తను ఒక్కడే ఇసుక బస్తాలతో ఎగిరి చూడాలనీ, అది నియమమనీ చెప్పాడు. ఆ తర్వాత ఎక్కే మొదటి మనిషి ఆమే అని మాటిచ్చాడు. సింహాచలం మాత్రం మూడు పూటలా పోట్లాడాడు. ఆయన పోట్లాట అంటే కంచం దగ్గర నుంచి లేచిపోవడం, పేము చీల్చే కత్తిని అవసరానికి మించి నూరడం. చివరికి ఒక పొద్దుట, నీకేమైనా అయితే నాను ఎవులికి పేము వంచి ఇవ్వాలి అని మాత్రం అడిగి బయటికి పోయాడు.

మీకొక నిజం చెప్పాలి. ఆమెకు భయం. మేడ మెట్లెక్కితే గోడ పట్టుకునే మనిషి. లాడ్జీ పై అంతస్తులో ఉయ్యాల బిగించాల్సి వస్తే సింహాచలాన్నే పంపేది. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. ఎక్కుతానని చెప్పిన రోజు నుంచి ఆమె అరచేతులు నా అంచు మీద పెట్టినప్పుడల్లా తడిగా ఉండేవి. వెనక్కి తగ్గుదామంటే ఊరంతటికీ చెప్పేసింది. మనుషులను ఆకాశానికి ఎక్కించేది ధైర్యమే అనుకుంటారు. నేను చూసినంతలో గొప్పలు కూడా బాగానే ఎక్కిస్తాయి.

పూణచ్చ ఇసుక బస్తాలతో నన్ను ఎగరేసి చూశాడు. ఆమె ఎక్కే రోజు వచ్చింది, అరకులో తెల్లవారుతోంది. వలిసె పూలు కోతకు రాకముందు లోయ ఎంత పచ్చగా ఉంటుందో, ఆ పసుపు మంచులోంచి అప్పుడప్పుడే బయటపడుతోంది. గుడ్డను నేల మీద పరిచి, పెద్ద ఫ్యాను పెట్టి గాలి కొట్టారు. నేను పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాను. పూణచ్చ మంట విడిచాడు. కమ్మరి కొలిమి ఒక్కసారిగా పెద్ద గొంతు చేసుకున్నట్టు వచ్చింది చప్పుడు. గుడ్డ బద్ధకంగా లేచి కూర్చుంది, తర్వాత నిలబడింది. దానితో నన్నూ నిలబెట్టింది.

నూకరత్నం చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పైన సింహాచలం స్వెట్టరు, తలకు మంకీ క్యాప్ వేసుకుంది. నా గోడలో కాలు పెట్టడానికి తనే వదిలిన కంతల్లో కాలు పెట్టి ఎక్కింది. సింహాచలం నా అంచు పట్టుకుని నిలబడ్డాడు. కిందున్న మనుషులందరినీ చేతులు తియ్యమన్నాక కూడా ఆయన తియ్యలేదు. పూణచ్చ ఆయన చెయ్యి మీద తట్టాడు. అప్పుడు తీశాడు.

లేచినట్టు తెలియనే లేదు. కుదుపు లేదు, ఊపు లేదు. నేల మమ్మల్ని అక్కడే ఉంచేసి తను కిందికి దిగిపోయినట్టుంది. ఆ మాట నాకు తర్వాత ఎక్కినవాళ్ళంతా అన్నారు. నూకరత్నం మాత్రం ఏమీ అనలేదు, ఎందుకంటే ఆమె చూడలేదు. నేల వదలగానే నా అడుగున చతికిలబడి కళ్ళు మూసుకుంది. పెదవులు ఆడుతున్నాయి. ఏ దేవుణ్ణి పిలిచిందో గాని ఒకరిని కాదు, చాలామందిని పిలిచింది. పూణచ్చ ఒకసారి కిందికి చూసి, ఏమీ అనకుండా మంట చూసుకున్నాడు. మంచి పైలట్‌కు ఎప్పుడు మాట్లాడకూడదో తెలుస్తుంది.

కొంతసేపటికి కళ్ళు తెరిచింది. ఎదురుగా, ముక్కుకు బెత్తెడు దూరంలో, నా గోడ. తన అల్లిక. అలవాటుగా చూపు దాని మీద నిలిచింది. ఒక చోట పేము కొస కొంచెం బయటికి పొడుచుకొచ్చింది. వేలితో లోపలికి దోపింది. దాని పైవరస సరిగ్గా ఉందో లేదో చూసింది. ఉంది. ఆ పైది చూసింది. చెయ్యి అల్లికను పట్టుకుని వరస వెంట వరస పైకి పోయింది, చేతి వెనక చూపు, చూపు వెనక మనిషి. మోకాళ్ళ మీద లేచింది. తర్వాత వంగి నిలబడింది. తర్వాత నిటారుగా నిలబడింది. తోలు కుట్టిన అంచు దగ్గరికి వచ్చేసరికి అల్లిక అయిపోయింది. ఇక చూడ్డానికి లోయ తప్ప ఏమీ మిగల్లేదు.

ఆమె చేతులు నన్ను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, ఆ గుర్తులు నా తోలు మీద పడి ఉండాలి.

కింద మంచు పాలు పొంగి చల్లారినట్టు పల్లాల్లో ఆగి ఉంది. దాని మధ్య పసుపు మళ్ళు. రైలు పట్టాలు ఎవరో విసిరేసిన పేము బద్దల్లా కొండ చుట్టూ వంపు తిరిగి సొరంగంలోకి దూరాయి. కుక్క మొరిగితే ఎంత స్పష్టంగా వినపడిందో. ఎక్కడో రోకలి పోటు, ఎవరో బిడ్డను పిలవడం. మా నీడ ఒక మడి మీద నుంచి ఇంకో మడి మీదికి గట్లు దాటుకుంటూ పోతోంది. గాలి ఏదీ, ఇంత పైన గాలి ఉండాలి కదా అని ఆమె అడిగింది. గాలితో పాటే మనమూ పోతున్నాం, అందుకే తెలియడం లేదని పూణచ్చ చెప్పాడు. ఆ సంగతి ఆమెకు చాలా నచ్చింది. మంకీ క్యాప్ తీసేసి చంకలో పెట్టుకుంది.

ఇద్దరు ఆడవాళ్ళు నెత్తిన బిందెలతో గట్టు మీద నిలబడి పైకి చూస్తున్నారు. పూణచ్చ వాళ్ళ మీదుగా కొంచెం కిందికి దింపాడు. అప్పుడు నూకరత్నం నా అంచు మీదికి వంగి, మేడ మెట్లెక్కితే గోడ పట్టుకునే ఆ మనిషి, సగం ఒళ్ళు బయటపెట్టి, గొంతు చించుకుని అరిచింది.

“ఈ బుట్ట నాదే! నానే అల్లాను!”

వాళ్ళకు మాట అర్థమైందో లేదో. చెయ్యి ఊపారు. ఒకామె బిందె దించి రెండు చేతులూ ఊపింది. ‘బెలూను’ అనకుండా ‘బుట్ట’ అన్న మాట ఆ లోయలో అంత పెద్దగా వినపడింది అదే మొదటిసారి. ఆ క్షణం నాకు ఎలా ఉందో చెప్పమంటారా? మాది మాటలు వచ్చే జాతి కాదు. కిర్రుమన్నాను.

దిగే వేళకు గాలి మారింది. కొండ సందులోంచి తోసుకొచ్చి మమ్మల్ని పక్కకు తీసుకుపోయింది. దిగాలనుకున్న మైదానం పక్క నుంచి వెళ్ళిపోయింది. ముందు కాఫీ తోటల నీడ చెట్లు, ఆ వెనక కొండ. వాటికి ముందు కోసేసిన వరి మళ్ళు కొన్ని మెట్లుమెట్లుగా ఉన్నాయి, అంతే. పూణచ్చ మొహంలో నవ్వు పోయింది గాని గొంతు మారలేదు. అక్కడే దిగుతున్నాం, కొంచెం గట్టిగా తగులుతుంది, నేర్పినట్టు కూర్చోమన్నాడు. ఆమె మోకాళ్ళు వంచి, వీపు నాకు ఆనించి, తాడు పట్టుకుంది. ఏ చోట వీపు ఆనుతుందో ఆ చోటే అల్లికకు వదులిచ్చిన సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదట గట్టు తగిలింది. ఎగిరాం. మళ్ళీ నేల తగిలింది, ఈసారి వదల్లేదు. గుడ్డ ఇంకా గాలి పట్టుకునే ఉంది, నన్ను పక్కకు పడేసి ఈడ్చుకుపోయింది. వరి దుబ్బులు, మట్టిగడ్డలు, ఒక రాయి. ఆ రాయి నా పక్కలో దిగింది. నేను వంగాను. పుట్టినప్పటి నుంచి ఎంత వంగగలనో అంతా వంగాను, ఆమె మోకాళ్ళు గుండెకు తగిలేదాకా. పేము నారలు ఒకదాన్నొకటి నమ్ముకుని నిలబడ్డాయి. ఒక్కటి మాత్రం ఠప్పుమని తెగింది. ఆ తర్వాత మిగిలినవన్నీ కలిసి వెనక్కి తోశాయి.

గుడ్డ చతికిలబడింది. అంతా ఆగిపోయింది.

“అమ్మా, బాగున్నారా?” అన్నాడు పూణచ్చ. ఆయన మోచేయి గీరుకుపోయింది.

నూకరత్నం పక్కకు ఒరిగి ఉన్న నా గోడ మీదే పడుకుని, చేత్తో తడుముతోంది. రాయి దిగిన చోట ఆగింది.

“ఒక్కటే తెగింది బాబూ,” అంది. ఆ మాట అంటూనే ఏడుపొచ్చేసింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ కలిసి రావడంతో కాసేపు ఊపిరాడలేదు.

వెనక జీపులో వస్తున్న సింహాచలం రోడ్డు మీదే దూకేసి మళ్ళకడ్డం పడి పరిగెత్తుకొచ్చాడు. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. వచ్చి, నా నోటి దగ్గర ఆగి, లోపలికి చూశాడు. ఆమె కాళ్ళూ చేతులూ కదుపుతోందని చూశాక నా అంచు పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వంగి నా లోపలికి వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆమె కింద కనిపించినవన్నీ చెప్పడం మొదలుపెట్టింది. మంచు, రైలు పట్టాలు, బిందెల వాళ్ళు. ఆయన వింటున్నాడు. పూణచ్చ గుడ్డ మడత పెట్టించడానికి మనుషులను పిలుచుకుంటూ అటు పోయాడు, కావాలనే నెమ్మదిగా పోయాడు.

“నువ్వూ ఓ పాలి ఎక్కు మావా,” అంది చివరికి.

“ముందు ఆ తెగిందాన్ని మార్చు,” అన్నాడాయన.

మార్చింది. ఆయన ఎక్కాడు. ఆయన భయపడలేదు, మాట్లాడనూ లేదు. దిగాక రెండు రోజులు నవ్వుతూ తిరిగాడని విన్నాను.

ఆ తర్వాత నా సంగతి చాలా ఉంది. ఎన్నో చలికాలాలు లోయ మీద తిరిగాను. కొత్త దంపతులను మోశాను, పొట్ట పట్టని అధికారులను మోశాను, పైకి లేవగానే భార్య చెయ్యి పట్టుకుని దిగగానే వదిలేసిన పెద్దమనుషులను మోశాను. ఆకాశంలోకి తీసుకుపోతే ఆకాశం వైపు వీపు తిప్పి, చేతిలో ఫోను వైపు మొహం పెట్టేవాళ్ళను చూస్తే మొదట్లో కష్టంగా ఉండేది. పోను పోను అలవాటైంది. ఆ మనుషుల మధ్యే ఎవరో ఒకరు ఫోను జేబులో పెట్టేసి, ఊరికే నిలబడి, నా అంచును అరచేత్తో నిమిరేవాళ్ళు. అలాంటివాళ్ళ బరువు నాకు బరువనిపించేది కాదు.

కొన్నాళ్ళకు కంపెనీ నన్ను కర్ణాటకలో ఇంకో కంపెనీకి ఇచ్చింది. అక్కడ రాళ్ళగుట్టల మీదా, నది మీదా తిరిగాను. కన్నడం, మరాఠీ, ఇంకా నాకు అర్థం కాని భాషల్లో మనుషులు ఒకే రకంగా నిట్టూర్చడం విన్నాను. ఈలోగా శృంగవరపుకోట షెడ్డులో బుట్టల పని ఆగలేదని పూణచ్చ వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ఒకటి లోనావళాకు పోయిందట, ఒకటి రాజస్థాన్‌కు పోయిందట. నూకరత్నం ఇద్దరు కోడళ్ళకూ పని నేర్పిందట. ఎవరు అల్లినా ముందు తను ఎక్కి ఎగిరితేనే బయటికి పంపుతోందట. ఈ చివరిది కొంత ఆమె చెప్పిందే అయ్యుంటుంది. సగం తీసేసి విన్నాను. మిగిలిన సగానికే గర్వంతో నా ఊచలు నిక్కబొడుచుకున్నాయి.

బుట్టకూ ఒక వయసుంటుంది. నా అడుగు మూలల్లో పేము పొడిబారింది, వంగితే లేవడానికి ఆలస్యమవుతోంది. ఒకరోజు తనిఖీ చేసినాయన నన్ను వంచి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఇక మనుషులను ఎక్కించకూడదన్నాడు. ఆ కంపెనీవాళ్ళు నన్ను ఒక రిసార్టు గుమ్మం ముందు పూలకుండీలు పెట్టుకోవడానికి ఇచ్చేద్దామనుకున్నారు. పూణచ్చకు తెలిసింది. ఆయనకు ఇప్పుడు ఎగిరే వయసు దాటింది, కాలు కొంచెం ఈడుస్తాడు. అయినా లారీ మాట్లాడుకుని స్వయంగా నన్ను శృంగవరపుకోట తీసుకొచ్చాడు.

నూకరత్నం జుట్టు తెల్లబడింది. నన్ను చూసి ముద్దులాడలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో రెండు చోట్ల పొడిచి, కత్తి తెమ్మంది.

మీరు నాకోసం బాధపడకండి. ఆమె నన్ను కోసింది, పైనుంచి కిందిదాకా. వరస తర్వాత వరస విప్పి, ఏ నార ఎక్కడ అరిగిందో, ఏది ఇంకా గట్టిగా ఉందో కోడళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. అడుగు మూలల్లో ఉక్కు తీగ రాసుకున్న చోట ముందు తెగుతోందనీ, వీపులు ఆనే చోట ఇన్నేళ్ళయినా ఏమీ కాలేదనీ ఆమెకు అప్పుడు తెలిసింది. అక్కడ తోలు ముక్క వెయ్యాలి, ఇక్కడ ముట్టుకోకూడదు అంది. సింహాచలం నా లోపలి ఊచ ఒకటి తీసి వంచి చూశాడు. అది వంగి, నెమ్మదిగానైనా, నిలబడింది. దాన్ని కోడలి చేతికిచ్చాడు. ఎంతోమంది నాలో ఎక్కి బయటికి చూశారు. నా లోపలికి ఎవరైనా చూడటం అదే మొదటిసారి. పుట్టిన తర్వాత నాకు అంతటి మర్యాద జరగలేదు.

ఇప్పుడు నా పేము షెడ్డు మూలలో కుప్పగా ఉంది. నా ఉక్కు తీగలు పాత ఇనుము వాళ్ళు పట్టుకుపోయారు. అడుగు చెక్క మాత్రం గట్టిగానే ఉందని నూకరత్నం ఉంచుకుంది. దాన్ని షెడ్డు మధ్యలో నేల మీద వేసుకుని, దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అల్లుతోంది. ఎదురుగా కొత్త బుట్ట, అడుగు మూలల్లో తోలు ముక్కలతో, నడుమెత్తు దాకా లేచింది. వరసకోసారి ఆమె ముందుకు వంగుతుంది, వెనక్కి ఆనుతుంది, కాలు మార్చుకుంటుంది. చెక్క కొంచెం కిర్రుమంటుంది.

ఆ బరువు నాకు తెలుసు.